చలివేంద్రంలో ఖాళీ స్టూలు

అలివేలమ్మ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. చేతిలో ఉన్న పని ముందు పూర్తి కావాలి. జవాబు ఆ తర్వాత. ఒక్కోసారి మర్నాటికి. గీత చెప్పించుకోవడానికి ఆమె దగ్గరకు వచ్చే నలుగురైదుగురికీ ఇది అలవాటైపోయింది, ఒక్క ఫణీంద్రకు తప్ప. అతనికి అన్నీ తొందరే.

ఆ రోజు అతను వచ్చేసరికి ఆమె గోంగూర ఒలుస్తున్నారు.

"అమ్మా, ఒక సందేహం. జనం మారరని తెలిసిపోయాక కూడా వాళ్ళకు మంచి చెయ్యాలా?"

ఆమె ఆకు తుంచడం ఆపలేదు. అతనే విషయం చెప్పుకొచ్చాడు.

బస్టాండు నుంచి ఆసుపత్రికి నడిచే దారిలో ఎక్కడా నీడ లేదు. ఏటా వేసవిలో ఫణీంద్ర అక్కడ చలివేంద్రం పెడతాడు. తాటాకు పందిరి, మట్టి కుండలు, పక్కన ప్లాస్టిక్ గ్లాసుల దొంతర. తాగినవాళ్ళు తాగినచోటే గ్లాసు పడేసి పోతారు. గాలికి అవన్నీ మురుగుకాలవలోకి చేరతాయి. కిందటేడు తొలి వానకే కాలవ పొంగి నీళ్ళు పక్కనున్న టైలరు మస్తాన్‌వలి కొట్లోకి వచ్చాయి. కుట్టి మడతపెట్టిన పెళ్ళిబట్టలు తడిసిపోయాయి. "పుణ్యం నీకు, మురుగు నాకా సామీ?" అని అతను ఈసారి ముందే తేల్చి చెప్పాడు. మళ్ళీ కాలవలో గ్లాసులు కనపడితే వార్డు ఆఫీసులో ఫిర్యాదు చేసి పందిరి పీకిస్తాడట.

"నేను చెయ్యనిది ఏముందమ్మా? బోర్డు రాయించాను. చెత్తబుట్ట పెట్టాను, బుట్ట చుట్టూ వేస్తారు గాని బుట్టలో వెయ్యరు. స్టీలు గ్లాసు గొలుసుతో కట్టి చూశాను. ఎవరి ఎంగిలో అని సగం మంది దాన్ని ముట్టుకోలేదు. వారం తిరక్కుండా గొలుసు మాత్రం మిగిలింది. ఇప్పుడు నీళ్ళివ్వడం మానెయ్యమంటారా?"

"నువ్వు అక్కడ ఏ వేళ ఉంటావు?" అని అడిగారు అలివేలమ్మ గారు.

"పొద్దున కుండలు నింపి ఆఫీసుకు పోతాను. సాయంత్రం వచ్చి ఊడుస్తాను."

ఆమె గోంగూర తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. ఆ రోజుకు అంతే.

మర్నాడు ఆదివారం. అతను కుండలు నింపుతుండగా ఆమె గొడుగు వేసుకుని వచ్చారు, చేతిలో ఇత్తడి కొమ్ముచెంబుతో. గ్లాసుల దొంతరను అతని సంచిలో పెట్టించారు. మస్తాన్‌వలిని అడిగి ఒక స్టూలు తెప్పించుకుని కుండల పక్కన కూర్చున్నారు. కింద పడే నీళ్ళకు సిమెంటు తొట్టి ఒకటి జరిపించారు. మేకలు దాని జాడ త్వరగానే కనిపెట్టాయి.

మొదట హెల్మెట్ చంకన పెట్టుకున్న ఒక యువకుడు వచ్చాడు.

"గ్లాసు లేదా అవ్వా?"

"చేతులు లేవా నాయనా?"

అతను నవ్వి చేతులు చాపాడు. ఆమె ముందు చేతులు కడుక్కోవడానికి పోశారు, తర్వాత తాగడానికి. దోసిలి పట్టడం రాక సగం నీళ్ళు మోచేతుల మీదుగా చొక్కాలోకి పోయాయి. "ఈ ఎండకు ఇదే బాగుంది" అంటూ మళ్ళీ పట్టాడు. అతని వెనక వచ్చిన ఒకామె చుక్క కూడా జారనివ్వకుండా తాగి, తడిచేత్తో మొహం తుడుచుకుని వెళ్ళింది. ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన మాత్రం, "ఇలా తాగడం నా వల్ల కాదమ్మా" అని ఎదురు కొట్లో సీసా కొనుక్కున్నాడు. ఆమె తర్వాతి మనిషికి పోశారు.

ఫణీంద్ర ఇదంతా నిలబడి చూస్తున్నాడు. మధ్యమధ్య బోర్డు పక్కకు ఒరిగితే సరిచేస్తున్నాడు.

మధ్యాహ్నం ఆమె భోజనానికి లేచారో లేదో, మస్తాన్‌వలి కత్తెర కింద పెట్టి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఫణీంద్ర విచిత్రంగా చూశాడు.

"పుణ్యం కోసం కాదులే సామీ," అన్నాడు మస్తాన్‌వలి చెంబు ముంచుతూ. "నా కాలవ కోసం."

ఆమె తిరిగొచ్చి కూర్చున్నాక, ఎండ తగ్గేవేళకు అతనే వెళ్ళి కాలవలోకి తొంగిచూసి వచ్చాడు. కొత్తగా పడ్డ గ్లాసు ఒక్కటీ లేదు. "స్టూలు ఇక్కడే ఉండనీ సామీ" అని చెప్పి, కుట్టుమిషను దగ్గరకు పోయాడు.

ఫణీంద్ర మొహం మాత్రం ఇంకా తేటపడలేదు.

"బాగానే జరిగిందమ్మా. కానీ ఇది మీరు కూర్చున్నారు కాబట్టి జరిగింది. రోజూ ఎవరు కూర్చుంటారు?"

"అసలు గ్లాసులు ఎందుకు పెట్టావు?"

"ఎవరూ కూర్చోవలసిన అవసరం లేకుండా..." అన్నాడు. అన్నాక తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు.

అప్పుడే బస్సు దిగి, ఆసుపత్రికి అన్నం కారియరు పట్టుకుపోతున్న ఒక ముసలాయన పందిరి కిందకు వచ్చాడు. కారియరు నేల మీద పెట్టి, వంగి దోసిలి పట్టాడు. అలివేలమ్మ గారు స్టూలు మీద నుంచి లేచారు. చెంబు ఫణీంద్ర చేతికిచ్చి గొడుగు అందుకున్నారు.

"మరి రేపు ఎలాగమ్మా? నాకు ఆఫీసు..."

"రేపటి సంగతి తర్వాత చూద్దాం," అన్నారామె. "ఆయన దోసిలి పట్టుకుని నిలబడ్డాడు."