గడ్డిలో దాచిన దుంగ

పొద్దున లేవగానే ఇద్రీస్ చేసే మొదటి పని కట్టెలు లెక్కపెట్టుకోవడం. నమాజు కూడా ఆ తర్వాతే.

చిన్నప్పుడు ఒక చలికాలం వాళ్ళింట్లో కట్టెలు నిండుకున్నాయి. పక్కలో పడుకున్న తమ్ముడు తెల్లారేసరికి కొయ్యబారిపోయాడు. ఇప్పుడు ఇద్రీస్‌కి ఇరవై ఏడేళ్ళు. అయినా ఆ చల్లటి చెయ్యి అతని చేతిని వదిలిందే లేదు.

షేక్ బుర్హాన్ ఆశ్రమం మంచుకొండల మధ్య, కనుమదారి కింద ఉంది. అక్కడ ఉండేది ముగ్గురే. షేక్, కొత్తగా చేరిన శిష్యుడు ఇద్రీస్, వంటచేసే ముసలి జులేఖ.

ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రి దగ్గరపడింది. ఆ దేశంలో దాన్ని యల్దా అంటారు. పుట్టుక అని అర్థం. ఆ రాత్రి గడిస్తే సూర్యుడు మళ్ళీ పసివాడై పుడతాడట. దానిమ్మపళ్ళు ఒలుచుకుంటూ, కథలు చెప్పుకుంటూ ఎవరూ రెప్ప వాల్చరు. ఆశ్రమంలో ఇంకో ఆచారం కూడా ఉంది. ఆకులు రాలేటప్పుడే ఎంచిపెట్టిన లావుపాటి దుంగతో ముంగిట్లో నెగడు వెయ్యాలి. సూర్యుడు కనబడేదాకా అది ఆరకూడదు.

ఈ ఏడు ఎంచింది అక్రోటు దుంగ. ఇద్రీస్ దాని చుట్టూ తిరిగి చూశాడు. లోపల పొయ్యిలో వేసుకుంటే పదిహేను రోజులు వస్తుంది. ఆరుబయట ఒక్క రాత్రికే బుగ్గి! ఆకాశానికి చలి కాచడమేమిటి?

యల్దాకి ముందురోజు దుంగను దొర్లించుకుంటూ పోయి గాడిదల పాకలో గడ్డి కింద దాచేశాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా జులేఖ లబోదిబోమంది. "దుంగేదిరా నాయనా?"

"దొంగలెవరో ఎత్తుకెళ్ళారేమో అమ్మా."

"ఈ మంచులోనా? దొంగ కూడా పెళ్ళాం కుంపటి పక్కనే ముడుచుకుని ఉంటాడు!"

షేక్ లేచాడు. లోపలికెళ్ళి గొడ్డలి తెచ్చాడు. తనూ ఇద్రీసూ పడుకునే గది తలుపు రెండు రెక్కల్నీ ఊడదీసి, ముంగిట్లోకి ఈడ్చాడు.

ఇద్రీస్ పరిగెత్తుకొచ్చాడు. "బాబా! తలుపు!"

"ఎండిన చెక్క. బాగా మండుతుంది."

"పేర్పులో కట్టెలున్నాయి కదా బాబా, అవి తెస్తాను."

"అవి నువ్వు లెక్కపెట్టుకున్నవి. వాటివల్లే నీకు నిద్ర పడుతోంది. నీ నిద్ర నేను తగలెయ్యను."

నిజం చెప్పేద్దామని ఇద్రీస్ నోరు తెరిచాడు. ఈలోపే గొడ్డలి తలుపు రెక్క మీద పడింది.

చీకటి పడింది. మామూలు చీకటి కాదది. కొండలన్నీ కరిగి ఒకటే నల్లటి నీరై ముంగిట అంచుదాకా వచ్చి నిలబడినట్టుంది. తలుపు లేని గది వాళ్ళ వెనక నోరు తెరుచుకుని ఉంది. జులేఖ దానిమ్మగింజలు చేతిలో పోసింది. ఇద్రీస్ వాటిని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"తిను నాయనా. ఈ రాత్రికి చీకటి బలమంతా అయిపోతుంది. రేపట్నుంచి రోజుకో గోధుమగింజంత పొద్దు పెరుగుతుంది."

"పెరక్కపోతే?"

జులేఖ నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగిపోయింది.

నడిరాత్రికి ఒక రెక్క కాలిపోయింది. కోడికూతకు ఇంకా ఎంతో పొద్దుండగానే రెండోదీ నిప్పులైపోయింది. నెగడు కుంగుతున్నకొద్దీ చీకటి ఒక్కో అడుగు ముందుకేసింది. ఇద్రీస్ తన చేతిని చూసుకున్నాడు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

అప్పుడు వినబడింది. పైన, కనుమలో ఎక్కడో, చిన్న గంట.

ఒకసారి మోగింది. తర్వాత ఆగిపోయింది.

"గాడిద మెడలో గంట," అంది జులేఖ. "ఎవరో దిగుతున్నారు. అయ్యో, ఆగిపోయారే!"

షేక్ నిప్పుల వంకే చూస్తున్నాడు.

కనుమదారి పక్కన లోయ ఉంది. పగలు చూస్తేనే కళ్ళు తిరిగే లోయ. నెగడు ఎవరికోసమో ఇద్రీస్‌కి అప్పుడు తెలిసింది. తన చలి ఒక్కసారిగా గుర్తులేకుండా పోయింది. అంతకన్నా పెద్ద భయమేదో మెడ పట్టి లేపింది.

పాకలోకి పరిగెత్తాడు. గడ్డి చెల్లాచెదురు చేసి, ఆ దుంగను దొర్లిస్తూ, తోస్తూ, పడుతూ లేస్తూ ముంగిట్లోకి తెచ్చాడు. దొరికిన గడ్డంతా నిప్పుల మీద పోశాడు. దుంగను దాని మీదికి నెట్టాడు. భగ్గుమంది.

"దొంగ తిరిగిచ్చాడేం!" అంది జులేఖ.

గంట మళ్ళీ మోగింది. ఈసారి ఆగలేదు.

చాలాసేపటికి ఉప్పు అమ్ముకునే ఒకతను వచ్చాడు. గడ్డమంతా మంచు. గాడిద మీద గొంగడి కప్పుకుని అతని భార్య. అతను నెగడు ముందు కూలబడి, మంట వేసిందెవరో తెలియక అందరికీ దణ్ణం పెట్టాడు.

"మధ్యలో మంట కనబడలేదయ్యా. ఎటు అడుగెయ్యాలో తెలియక నిలబడిపోయాం. ఇంకాస్త ఆలస్యమైతే ఈవిడ నిద్రపోయేదే." అతను ఆమె చేతిని నలుపుతున్నాడు. "చూడండి, ఎంత చల్లగా ఉందో."

ఇద్రీస్ ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, వెచ్చబడేదాకా వదల్లేదు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి జారుతున్నాయి.

కొండ అంచున ఎర్రటి గీత కనబడింది. పక్షొకటి కూసింది. సూర్యుడు పుట్టాడు.

జులేఖ లేచి నడుం పట్టుకుంది. "సగం దుంగ మిగిలింది. ఆర్పి దాచమంటావా ఇద్రీస్? లెక్కలోకి వస్తుంది."

ఇద్రీస్ కనుమ వైపు చూశాడు. "ఉండనీ అమ్మా. ఇంకా ఎవరైనా దారిలో ఉన్నారేమో."

తర్వాత షేక్ ముందు తలొంచుకుని నిలబడ్డాడు. "బాబా, తలుపు..."

షేక్ వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. చలికాలపు ఏటవాలు ఎండ తలుపు అడ్డం లేక నేరుగా లోపలికి పోయి, చివరి గోడ పక్కన పరిచిన ఇద్రీస్ చాప మీద పడింది.

"ఇన్నేళ్ళలో సూర్యుడు అంత దూరం లోపలికి రావడం నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు.