ఎర్రయ్య గునపం

గవరయ్య మాస్టారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పరు. ముందు కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుస్తారు. రైల్వే కార్మిక సంఘంలోనే జీవితం గడిపిన మనిషి. ఇప్పుడు సంఘం ఆఫీసు వరండాలో కుర్రవాళ్లకి కార్మిక చట్టాలు చెబుతున్నారు. కొత్తగా ఎన్నికైన కార్యదర్శి నూకరాజు ఒకనాడు విసుగ్గా అడిగాడు.

“సమ్మె అంటే నాకు అర్థమవుతుంది మాస్టారూ. మన కష్టం తెలియదు, రైలు పనీ తెలియదు. అలాంటి మధ్యవర్తి వచ్చి కూర్చుంటే ఏం తేలుతుంది?”

మాస్టారు కళ్లజోడు తుడుస్తూ ఈ సంగతి చెప్పారు.

ఎర్రయ్య పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్. ఒక సాయంత్రం పని ఆపాక గునపం భుజాన వేసుకుని, లైను వెంట పనిముట్ల గదికి నడిచి వస్తున్నాడు. మలుపులో రైలు వచ్చింది. పక్కకి దూకాడు. గునపం జారి పట్టా మీద పడింది. దాన్ని లాగడానికి వెనక్కి వెళ్లాడు. గునపం దక్కింది, కాలు పోయింది.

లెవెల్ క్రాసింగు గేటు దగ్గర కూర్చుని చేసే ఉద్యోగం అతనికి ఇవ్వమని సంఘం అడిగింది. పనివేళ దాటాక జరిగింది కనుక కుదరదని రైల్వేవారు అన్నారు. వ్యవహారం మధ్యవర్తి దగ్గరికి పోయింది. ఆయన రిటైరైన జడ్జి, మోకాళ్ల నొప్పుల మనిషి. వాయిదా మీద వాయిదా. సంఘం నాయకుడు బంగారయ్య బల్ల గుద్దేవాడు. రైల్వే తరఫున వచ్చే ఇంజనీరుది ఎప్పుడూ ఒకటే మాట: “పని ఆపాక డ్యూటీ లేదు. వెనక్కి వెళ్లమని అతనికి ఎవరు చెప్పారు?” ఎర్రయ్య గుమ్మం దగ్గర కర్ర ఆనించుకుని కూర్చుని, సాయంత్రానికి ఇంటికి పోయేవాడు.

చివరికి ఒకరోజు జడ్జిగారు ఫైలు మూసేశారు. “వినీ వినీ అలసిపోయాను. పదండి, ఆ దారి నడుద్దాం.”

ఎండ ఇంకా తగ్గలేదు. జడ్జిగారు గ్యాంగు వాళ్లని అడిగి గునపం ఇంజనీరు భుజాన, పట్టాలు ఎత్తే జాకీ బంగారయ్య భుజాన పెట్టించారు. కాసేపటికే ఇద్దరూ రొప్పుతున్నారు.

“నువ్వూ కుర్చీకి అలవాటు పడ్డావయ్యా బంగారయ్యా!” అని గ్యాంగులో ఎవరో నవ్వారు.

మలుపులో రైలు కూత వినబడింది. అందరూ పక్కకి దిగారు. ఇంజనీరు భుజం మీది గునపం జారబోయింది. బంగారయ్య జాకీ వదిలేసి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

“పట్టా మీద పడితే కొంప మునుగుతుందండీ!”

రైలు పోయాక జడ్జిగారు ఇంజనీరుని అడిగారు. “గునపం పట్టా మీద వదిలేసి పోతే ఆ మనిషిని మీరేం చేస్తారు?”

“ఊరుకుంటామా? ఛార్జిషీటు ఇస్తాం. డ్యూటీలో నిర్లక్ష్యం అని...”

ఇంజనీరు అక్కడ ఆగిపోయాడు. గునపం ఇమ్మని గ్యాంగు వాళ్లు చెయ్యి చాపినా అతను ఇవ్వలేదు.

పనిముట్ల గది మెట్టు మీద ఎర్రయ్య కూర్చుని ఉన్నాడు. “ఏటి బాబూ, ఇంత పొద్దోయింది?” అంటూ నీళ్ల చెంబు అందించాడు.

నెల తిరక్కుండా ఎర్రయ్య గేటు దగ్గర పచ్చజెండా పట్టుకున్నాడు.

“అయితే జడ్జిగారు తీర్పు బాగా చెప్పారన్నమాట” అన్నాడు నూకరాజు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

“తీర్పు ఆయన చెప్పలేదురా. గునపం భుజం మార్చారు, అంతే. ఆ కాస్త పనికే అన్నాళ్లు పట్టింది.”