తవుటయ్య పేరు పెట్టిన కొట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, అటు వరిచేలకీ ఇటు వాగుకీ మధ్యన, ఒక పెద్ద మట్టిదిబ్బ. కదలకుండా వినండర్రా, ఈ కథ చాలావరకూ ఆ దిబ్బ లోపలే జరుగుతుంది.

దిబ్బ నిండా కలుగులు. కలుగుల నిండా ఎలుకలు. అందరికంటే వెడల్పాటి కలుగులో గాదెయ్య అనే పందికొక్కు ఉండేవాడు. ఆయనకి వరికంకుల కొట్లు ఎన్నున్నాయో ఆయనకే తెలియదు. ఒక కొట్టు నిండగానే పక్కన ఇంకోటి తవ్వించేవాడు. అది నిండితే దాని పక్కన మరోటి. పాత కొట్లలో వడ్లు ముక్కిపోయి కంపు కొట్టేవి. అయినా సరే, ఒక్క గింజ బయటికి పోవడానికి వీల్లేదు. ఇంతా చేసి ఆయన తినేది పూటకో గుప్పెడు. అదీ అరగదు, పాపం.

ఆ కొట్లకి కంకులు చేరవేసేది రెండు ఎలుకలు. ఒకడు తవుటయ్య. రెండోది నూకాలు, వాడికంటే వయసులో పెద్దది. ఎలుకలు బరువెలా మోస్తాయో మీకు తెలుసా? ఒకరు వెల్లకిలా పడుకుని, కంకుల కట్టని పొట్టమీద పెట్టుకుని, నాలుగు కాళ్ళతో వాటేసుకోవాలి. రెండోవారు వాళ్ళ తోక నోట కరుచుకుని వెనక్కి వెనక్కి ఈడ్చుకుపోవాలి. కాసేపయ్యాక వంతు మార్చుకోవాలి. అదీ పద్ధతి.

కానీ తవుటయ్య ఏనాడూ వెల్లకిలా పడుకోలేదు. "లాగేది మేస్త్రీ పని. పడుకునేది కూలి పని," అనేవాడు. కూలి మాత్రం ఇద్దరికీ ఒకటే లెండి. కొట్టు గుమ్మంలో రాలిన తాలుగింజలు.

ఆ తాలుగింజలతోనే వాడు ముగ్గురు పిల్లల్ని సాకుతున్నాడు. తల్లి లేని పిల్లలు. ఇంకా సరిగ్గా నడక కూడా రాలేదు. దిబ్బ అడుగున, గాదెయ్య కొట్లన్నిటికీ కింద, చిన్న కలుగులో పడుకునేవాళ్ళు.

ఒకరోజు నూకాలు పొట్టమీద కట్ట పెట్టుకుని, కప్పువైపు చూస్తూ అంది.

"ఒరేయ్ తవుటయ్యా, ఒక్క పొట్టకి ఇన్ని కొట్లెందుకురా?"

నోట్లో తోక ఉంటే జవాబు చెప్పడం కుదరదు కదా! తోక వదిలితే పని ఆగిపోతుంది. అయినా దొరని ఎవరైనా ఒక్క మాటంటే తవుటయ్య ఓర్చుకోలేడు. ఠక్కున తోక వదిలేశాడు.

"అదేం మాటక్కా! అదంతా దొరగారి కష్టార్జితం."

"మొదటి కొట్టు ఆయనే తవ్వాడు, ఆయనే నింపాడు. దానికి నేనూ దండం పెడతా. మిగతావి ఎవరి కష్టంరా? ఇదుగో, నా వీపు చూడు."

నూకాలు ఒత్తిగిలి చూపించింది. వీపుమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు.

"కష్టం నీదే అక్కా. తెలివి ఆయనది."

"ఏం తెలివి?"

"నిన్ను పనిలో పెట్టుకున్నాడు కదా!"

నూకాలు ఏదో అనబోయింది. అంతలో కప్పులోంచి మట్టి రాలి కళ్ళలో పడింది. "పైన మట్టి రాలుతోందిరా," అంది కళ్ళు నులుముకుంటూ.

"నువ్వు ఆ మాటలు ఆపితే అదీ ఆగుతుంది," అని తవుటయ్య మళ్ళీ తోక కరుచుకున్నాడు.

మర్నాడు మళ్ళీ అదే గొడవ. ఈసారి తవుటయ్యే మొదలుపెట్టాడు. రాత్రంతా ఆలోచించి వచ్చాడు మరి!

"దొరగారే లేకపోతే మనకి పనెవరిస్తారక్కా? పస్తులుండి చస్తాం."

"మా అమ్మకి పనెవరిచ్చారురా? చేలో రాలిన కంకి ఏరుకుని తినేది. ఇప్పుడు రాలిన కంకి రాలినట్టే ఆయన కొట్లోకి పోతోంది. అందుకే మనకి ఆయన పని కావాల్సొచ్చింది."

జవాబు దొరకనప్పుడు ఏం చేస్తారు? కోప్పడతారు. "నీకు ఒళ్ళంతా కుళ్ళే!" అన్నాడు తవుటయ్య.

"సరేలే, కుళ్ళే అనుకో. కప్పులో వేళ్ళు బయటపడ్డాయి, బీట కనిపిస్తోంది. అది మాత్రం నిజం," అంది నూకాలు. తవుటయ్య తల ఎత్తి చూడలేదు. ఎత్తితే తోక జారిపోతుంది.

మూడోరోజు గాదెయ్య తవుటయ్యని పిలిపించాడు.

"తవుటయ్యా, దిబ్బలో చోటు అయిపోయింది. ఇక మిగిలింది వాగువైపు గోడ ఒక్కటే. కొత్త కొట్టు అందులో తవ్వు. దానికి నీ పేరు పెడతాను. తవుటయ్య కొట్టు!"

తవుటయ్య ఆనందంతో ఎగిరి గంతేశాడు. "నా పేరా దొరా! మరి, అందులో వడ్లు?"

"వడ్లు నావి. పేరు నీది."

"చిత్తం! ఇంతకన్నా ఏం కావాలి దొరా!"

నవ్వకండర్రా. మీ పేరు ఎవరూ ఏ కొట్టుకీ పెట్టలేదు కాబట్టి నవ్వుతున్నారు.

నూకాలు మాత్రం తవ్వనంది. "వాగునీళ్ళు లోపలికి రాకుండా ఆపుతున్న గోడరా అది! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఇలా పడుకుని పైకి చూడు. కప్పంతా బీటలే. కింద నీ పిల్లలున్నారు."

"నేను పడుకోవడమా? రేపు నేనూ దొరనవుతానక్కా. కొట్లున్నవాళ్ళ మీద ఇలా నోళ్ళు పారేసుకుంటే, రేపు నా గతేం కాను?"

నూకాలు పడీ పడీ నవ్వింది. పొట్టమీది కట్ట కాస్తా జారి పక్కకి దొర్లిపోయింది. "తాలుగింజలు తిని పొట్ట వీపుకి అంటుకుపోయింది. వీడికి రేపటి ఆస్తి మీద బెంగ చూడు!" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వాడి పిల్లలంటే ఆవిడకి ప్రాణం మరి.

తవుటయ్య వినలేదు. ఒక్కడే వాగువైపు గోడ తవ్వాడు. కొట్టు తయారైంది. గాదెయ్య వచ్చి, "తవుటయ్య కొట్టు!" అని అందరికీ వినిపించేలా అరిచాడు. తవుటయ్య మీసాలు దువ్వుకున్నాడు.

ఆ వారంలోనే తుపాను పట్టింది. వాగు పొంగింది. పొంగిన వాగు ముందుగా ఏ కొట్లోకి దూరిందో చెప్పక్కర్లేదు కదా! పల్చబడ్డ గోడ ఒక్క తోపుకి విరిగిపోయింది. నీళ్ళు అక్కడినుంచి పక్క కొట్లోకి, దాన్నుంచి ఆ పక్క కొట్లోకి, సుడులు తిరుగుతూ కిందికి దిగాయి.

తవుటయ్య పిల్లలకోసం పరుగెత్తాడు. దారిలో గాదెయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికిరా? ముందు నా కంకులు బయటికి చేరవెయ్యి!"

"దొరా, కింద నా పిల్లలు!"

"పిల్లలు మళ్ళీ పుడతారు. కంకులు మళ్ళీ వస్తాయా?"

తవుటయ్య నోట్లోంచి అలవాటుగా "చిత్" అన్నంతవరకూ వచ్చేసింది. అప్పుడే కిందనుంచి సన్నగా కిచకిచ వినిపించింది. మిగతా సగం మాట మింగేసి, గాదెయ్య కాళ్ళ సందులోంచి దూరి పరుగెత్తాడు.

కింద నూకాలు అప్పటికే మెడలోతు నీళ్ళలో నిలబడి, పిల్లలు ముగ్గురినీ నెత్తిమీదకి ఎక్కించుకుంది.

"పడుకోరా!" అని అరిచింది.

తవుటయ్య మారు మాట్లాడకుండా పడుకున్నాడు. జన్మలో మొదటిసారి. పిల్లల్ని పొట్టమీద పెట్టుకుని నాలుగు కాళ్ళతో వాటేసుకున్నాడు. నూకాలు వాడి తోక కరుచుకుని ఎదురునీటిలో ఈడ్చుకుంటూ ఎగువకి లాగింది. వీపు రాళ్ళకి గీరుకుపోతోంది. మంట! ఇన్నాళ్ళూ అక్క వీపు ఇంత మండిందా అనుకున్నాడు. అప్పుడు పైకి చూశాడు. కొట్టు తరవాత కొట్టు, కొట్టు తరవాత కొట్టు. అన్నిటి కప్పులూ బీటలే. ఒకచోట బీటలోంచి ఆకాశం కూడా కనిపిస్తోంది. దిబ్బ అనేది పైకి కనిపించడానికే ఉంది. లోపల దిబ్బ లేదు.

"అక్కా! పైనంతా డొల్లే అక్కా!" అని ఏడ్చాడు.

నూకాలు జవాబు చెప్పలేదు. ఆవిడ నోట్లో తోక ఉంది.

వాళ్ళు బయటపడ్డారో లేదో, దిబ్బ భళ్ళున కూలిపోయింది. ఎలుకలన్నీ తడిసి ముద్దై ఒక బండమీద చేరాయి. గాదెయ్య కూడా ఎలాగో ఈదుకుంటూ వచ్చి ఎక్కాడు.

"చూశారా మన నష్టం!" అని గొల్లుమన్నాడు. "మనమంతా ఒకే కుటుంబం. ఈ నష్టం తలా కాస్త భరించాలి."

కొట్లు నిండేటప్పుడు ఈ కుటుంబం ఎక్కడికి పోయిందో మరి!

నీళ్ళు తీశాయి. కొట్టుకుపోగా మిగిలిన వడ్లు వాగు ఒడ్డు పొడవునా ఒండ్రులో మొలకెత్తాయి. కొన్నాళ్ళకి ఒడ్డంతా పచ్చబడి, కంకులు వేసింది. ఆకలితో ఉన్న ఎలుకలన్నీ పరుగున వచ్చాయి.

"ఆగండి!" అన్నాడు గాదెయ్య. "ఇవి నా గింజల మొలకలు. ఇక్కడున్న ప్రతి కంకీ నాదే!"

అందరూ తవుటయ్య వైపు చూశారు. దొర తరఫున మాట్లాడేది ఎప్పుడూ వాడే కదా! తవుటయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అవును దొరా. మీరు పొట్టమీద వాటేసుకోగలిగినన్ని మీవే. పడుకోండి. నేనూ అక్కా లాగుతాం."

గాదెయ్య సంబరంగా వెల్లకిలా పడుకున్నాడు. కంకులు దూసి పొట్టమీద వేసుకున్నాడు. ఇంకాసిని. ఇంకాసిని. మొహం కూడా కనపడకుండా పోయింది. తవుటయ్యా నూకాలూ తోక పట్టుకుని లాగారు. గాదెయ్య కదల్లేదు.

"కొన్ని వదలండి దొరా."

"వదలను!" అంది కంకుల కుప్ప.

మిగతా ఎలుకలన్నీ కడుపునిండా తిన్నాయి. తవుటయ్య పిల్లలు కూడా తిని, ఆ కుప్ప చుట్టూ ఆడుకున్నారు. పొద్దు వాలింది. కుప్పలోంచి ఆకలితో మూలుగు వినిపిస్తూనే ఉంది.

"నాన్నా, నోటిముందే కంకులున్నాయి కదా. ఆయన తినొచ్చుగా?" అని అడిగింది చిన్నది.

"ఎలా తింటాడమ్మా?" అన్నాడు తవుటయ్య. "చేతులు ఖాళీ లేవు."

నీతి: అందరూ బతికే నేలని డొల్ల చేసి కూడబెట్టింది కష్టార్జితం కాదు. దాన్ని వెనకేసుకొచ్చే ముందు, ఒక్కసారి తలెత్తి మన కప్పు వంక చూసుకోవాలి.