మేకల డొంక మీద తీర్మానం

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. తాను పేనుతున్న గోగునార తాడు కొస ఒకటి అడిగినవాడి చేతికిచ్చి, "బిగించి పట్టుకో" అనేవారు. తాడు పేనడం పూర్తయ్యేసరికి సగంమంది ప్రశ్న మరిచిపోయి ఇంటిదారి పట్టేవారు. మిగిలినవాళ్ళనే ఆయన శిష్యులుగా జమకట్టుకునేవారు. గోరింటవలస కొండ దిగువన ఆయన మఠమంటే ఒక తాటాకు సావిడి, అంతే. సాయంకాలం పనుల నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని అక్కడ కూర్చునేవారు. ఆయన ఒక తత్వం పాడి అర్థం విడమర్చి చెబితే అందరూ తలలూపేవారు. "అర్థమైందా?" అంటే ఇంకాస్త గట్టిగా ఊపేవారు.

అలా తల ఊపేవాళ్ళలో జోగులు ఒకడు. మేకల మంద తప్ప వాడికి వేరే ఆధారం లేదు. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని, ముందువాళ్ళ తలలు ఎప్పుడు ఊగితే తనదీ అప్పుడు ఊపేవాడు. అలాంటివాడు ఒక సాయంకాలం ముందుకు వచ్చి, తాడు కొస పట్టుకుని, పేనడం పూర్తయినా కదలకుండా నిలబడ్డాడు.

"బాబూ, పంచాయితీవోలు రూలు రాత్తారు గదా. మరి పైనోలు రాసీ రూల్లో నాలాటోడి మాట ఎలగ పడతాది?" అన్నాడు.

వాడి గోడు వాడికుంది. ఆ ఉదయమే ఊళ్ళో దండోరా వేశారు. గెడ్డవాగు పక్కనున్న డొంకదారికి కంచె కట్టి, లోపల మొక్కలు నాటుతారట. అటువైపు మేకలు కనిపిస్తే పట్టుకుపోయి బందెలదొడ్డిలో పెడతారట. గ్రామసభలో తీర్మానం చేస్తారు కాబట్టి, చెప్పుకోవలసింది ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవాలని చాటింపు. జోగులు మంద కొండెక్కేది ఆ డొంక మీదుగానే. అది మూస్తే మిగిలేది లారీలు పరుగులు పెట్టే పెద్ద రోడ్డు. నిరుడు చూలు మేక ఒకటి ఆ రోడ్డు మీదే లారీ కింద పడి పోయింది. డొంక పోయిందంటే మందను సంతకు తోలి అమ్ముకోవడమే. ఆ తరువాత తానేం చేయాలో జోగులుకు ఊహకైనా అందలేదు. వాడి మనసులో ఇంకో ముల్లు కూడా ఉంది. పోయిన ఏడు గెడ్డ ఒడ్డున నాటిన మొక్కల్ని నాకి శుభ్రం చేసింది వాడి మేకలే. ఊరందరికీ తెలుసు. ఏ మొహం పెట్టుకుని సభలో నోరు విప్పడం?

గురువుగారు తాడు చుట్టచుట్టి పక్కన పెట్టారు. "సభకి వెళ్ళు" అన్నారు.

"ఎల్లి ఏటని సెప్పాల?"

"నీ దగ్గర ఏముంది?"

జోగులు చాలాసేపు వెతుక్కున్నాడు. "నా కాడ ఏటుంది బాబూ? అంతా గందరగోళం."

"దాన్నే పట్టుకెళ్ళు. నేనూ వస్తాను."

ఇదేం జవాబో జోగులుకు బోధపడలేదు. అయినా అలవాటు కొద్దీ తల ఊపాడు.

సభనాడు బడి ఆవరణలో షామియానా వేశారు. గోరింటవలస సభ ఎలా ఉంటుందో ఇక్కడ కాస్త చెప్పాలి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎవరి కాగితం వాళ్ళు తెచ్చుకునేవారు. పింఛనుదొకటి, రేషన్ కార్డుదొకటి. అది బల్ల మీద పెట్టేసి, టీ తాగి, మళ్ళీ కూర్చునేవారు. బల్ల దగ్గర ఏం చదువుతున్నారన్నది తమ పని కాదనుకునేవారు. అయితే ఆ ఊరివాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. హరికథల్లో, భజనల్లో ఎప్పటినుంచి పడిన అలవాటో కాని, మైకులో గొంతు ఆగిందంటే చాలు, చప్పట్లు కొట్టేవారు. కొట్టకపోతే చదివినవాణ్ణి చిన్నబుచ్చినట్టని వాళ్ళ బాధ. సంతాప తీర్మానం చదివినప్పుడు కూడా కొట్టారు. కొట్టాక నాలుక కరుచుకున్నారు. బల్ల వెనక కూర్చున్నవాళ్ళు మాత్రం ఆ చప్పట్లను మర్యాదగా లెక్కవేయలేదు, సమ్మతిగా లెక్కవేసుకున్నారు. అలా ఊరంతా మర్యాద కొద్దీ ఒప్పుకున్న రూళ్ళు గోరింటవలసలో చాలానే ఉన్నాయి.

జోగులు ఉదయం నుంచి మేకల ముందు నిలబడి మాటలు వల్లెవేసుకున్నాడు. 'డొంక మూసీకండి బాబూ, నా మంద నాశనమైపోద్ది' అనాలి. మేకల దగ్గర బాగానే వచ్చింది. షామియానా కిందికి వచ్చేసరికి మొదటి మాటే తడబడింది. గురువుగారి పక్కన చతికిలబడి, 'డొంక' అన్న మాట వినపడగానే లేవాలని చెవులు రిక్కించి కూర్చున్నాడు.

పంచాయతీ కార్యదర్శి లేచి చదవసాగాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, ఎండకు చెమటలు కక్కుతున్నాడు, త్వరగా ముగించాలని తొందర. గ్రామ పరిధిలోని వాగు వెంబడి గల మార్గమును మూసివేసి, హరితవనముగా అభివృద్ధి పరచుటకును, సదరు ప్రాంతమున పశుసంచారమును నిషేధించుటకును... జోగులు వింటున్నాడు. అదేదో వేరే ఊరి సంగతిలా ఉంది. తన డొంక వంతు ఎప్పుడు వస్తుందా అని చూస్తూనే ఉన్నాడు. మైకు ఆగింది. షామియానా అంతా చప్పట్లు మోగాయి.

జోగులు కూడా కొట్టాడు.

రెండోసారి కలవబోతున్న వాడి చేతుల్ని ఎవరో పట్టుకున్నారు. చూస్తే గురువుగారు.

"ఎందుకు కొట్టావురా?"

"అందరూ కొట్టారు బాబూ."

"ఏం చదివాడు?"

"తెల్లేదు. నాకేటీ బోధపడ్నేదు."

"ఆ మాట నాకెందుకు చెబుతావు?" అని గురువుగారు వాడి చేతులు వదిలేశారు.

అటు కార్యదర్శి, 'ఏకగ్రీవంగా...' అంటూ కలం తీశాడు. జోగులు లేవడం లేచాడు కాని, ఉదయం నుంచి వల్లెవేసిన మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. నోట్లో ఉన్నది ఒకటే మాట.

"బాబూ, నాకేటీ బోధపడ్నేదు."

జనం గొల్లున నవ్వారు. కార్యదర్శి తల ఎత్తాడు. "ఇప్పుడేగా అందరూ ఒప్పుకున్నారు? నువ్వూ చప్పట్లు కొట్టావుగా!"

"కొట్టినాను బాబూ. ఎందుకు కొట్టినానో అది కూడా బోధపడ్నేదు."

మళ్ళీ నవ్వులు. సిగ్గుతో జోగులు కూలబడిపోదామనుకునేంతలో నవ్వులు ఒక్కొక్కటే ఆగడం మొదలుపెట్టాయి. నవ్వినవాళ్ళు పక్కవాళ్ళకేసి చూసుకున్నారు. మొక్కలకు నీళ్ళు పోసే ఆడవాళ్ళ సంఘంలో పెద్దదిక్కు నూకాలు. ఆమె కొంగు సవరించుకుని, "ఇంతకీ ఏటి సదివినావు నాయినా? నాకూ తెల్లేదు" అంది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. చూస్తుండగానే, తెలియనివాళ్ళతో షామియానా నిండిపోయింది.

బల్ల వెనక ఉన్న సర్పంచి చిన్నమ్మలుగారికి చిరాకు వచ్చింది. అయినా, మామూలు మాటల్లో మళ్ళీ చెప్పమన్నారు. కార్యదర్శి కాగితం దించి, "గెడ్డ పక్కన డొంక ఉంది కదా, దాన్ని మూసేస్తారు" అన్నాడు.

"మూసీత్తే మరి శవాన్ని ఏ దారంట తీసుకెల్లాల?" అంది నూకాలు.

శ్మశానం ఆ డొంక చివరే ఉంది. అందరూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడిదాకా నడిచినవాళ్ళే.

"ఈ సంగతి ఎవరూ చెప్పలేదేం?" అన్నారు చిన్నమ్మలుగారు.

"మీరు అడగనేదు."

"అడిగాం కదమ్మా! మీరు చప్పట్లు కొట్టారు."

అప్పుడు రేగింది అసలు గొడవ. డొంక వదిలేసి కంచె అటు జరపాలని కొందరు, జరిపితే మొక్కలకు చోటేదని కొందరు. ఒకాయన ఇదే అదనని తన పొలం గట్టు తగాదా ఎత్తుకున్నాడు. ఎవరు ఎవరి పక్షమో జోగులుకు అంతుబట్టలేదు. డొంక నిలబడేలా ఉంది అని గుండె కుదుటపడేంతలో, నూకాలు గిరుక్కున వాడివైపు తిరిగింది.

"డొంక ఉంచితే నీ మేకలు ఊరుకుంతాయేట్రా? నెత్తి మీద బిందెలెట్టుకుని ఎండలో నీల్లు మోసినామురా ఆ మొక్కలకి. ఒక్కటి మిగిల్నిచ్చినాయా?"

ఆమె గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ వినిపించింది. జోగులు తల దించుకున్నాడు. ఆ మాట నిజం. డొంక ఉంచమని అడగడానికి వచ్చినవాడు, మేకలు తిన్నందుకు ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. అందరూ వాడి నోటికేసి చూస్తున్నారు.

"మూతులకి సిక్కాలు కట్టి తోల్తానమ్మా" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో వాడికే తెలియదు. నూర్పుళ్ళప్పుడు గింజ తినకుండా ఎద్దుల మూతికి కట్టే తాళ్ళ చిక్కం వాడి కళ్ళ ముందు మెదిలింది. "కొండెక్కినాక ఇప్పీత్తాను. దారి మట్టుకు ఉంచీయండి."

నూకాలు కాసేపు వాణ్ణి పరకాయించి చూసింది. "కడితే మాకు అడ్డు నేదు" అంది.

కార్యదర్శి పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాడు. డొంకను వదిలి కంచె కట్టాలి, డొంక మీదుగా వెళ్ళే ప్రతి మేక మూతికీ చిక్కం ఉండాలి. ఈసారి నెమ్మదిగా చదివాడు. మైకు ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చిన్నమ్మలుగారు, "ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. ఒక చెయ్యి, ఆ పక్కన ఇంకొకటి, అలా అలా లేచాయి. జోగులు తన చెయ్యి ఎత్తి, అది తనదేనా అన్నట్టు చూసుకున్నాడు.

ఇంటికి పోతుంటే మిగతా మేకలవాళ్ళు వాడి చుట్టూ మూగారు. మెచ్చుకుంటారేమో అనుకున్నాడు. వాళ్ళు తిట్టిపోశారు. "నిన్నెవడు అడిగినాడ్రా? ఇప్పుడు అందరం సిక్కాలు అల్లుకుంటా కూకోవాల!" అని. డొంక దక్కిందన్న సంగతి ఒక్కడూ ఎత్తలేదు. జోగులుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పెళ్ళాంతో కలిసి గోగునార పేని చిక్కాలు అల్లాడు, కట్టాడు. మేకలు వాడి కేసి చూసిన చూపు చూడాలి. ఇన్నాళ్ళు సాకినవాడు ఇలా చేస్తాడనుకోలేదు అన్నట్టు చూశాయి. అయినా కొత్తగా వేసిన కంచె పక్కనుంచి మంద కొండెక్కింది. లోపల నాటిన లేత మొక్కలు గాలికి ఊగుతూ అలాగే ఉన్నాయి. నూకాలు బిందె దించి, మంద వెళ్ళేదాకా కళ్ళప్పగించి చూసింది.

కొన్నాళ్ళకు ఒక సాయంకాలం జోగులు మేకపిల్లను చంకన పెట్టుకుని మఠానికి వచ్చాడు. గురువుగారు తాడు పేనుతున్నారు. జోగులు అడగకుండానే కొస అందుకున్నాడు.

"బాబూ, నేను నెగ్గినానో ఓడినానో నాకు బోధపడ్నేదు" అన్నాడు. "డొంక ఉంది. మంద ఉంది. మరి ఊళ్ళో మేకలోల్లందరూ నన్ను తిడతన్నారు. ఆల్లది తప్పు అనీడానికీ నేదు. సిక్కం మాట నా నోటంటే వొచ్చింది గదా."

గురువుగారు వాడి చంకలో ఉన్న మేకపిల్ల మూతికేసి చూశారు. దానికీ చిన్న చిక్కం ఉంది, తల్లి మేకలకు కట్టినట్టే, అదే ముడి. అది తల అటూ ఇటూ విదిలిస్తూ సన్నగా అరుస్తోంది.

"దీనికెందుకు కట్టావు?"

"ప్రెతి మేకకీ ఉండాలని రూలు గదా బాబూ."

"ఇది ఆకు తింటుందా?"

"అయ్యో, పాలు మరవనేదు బాబూ ఇంకా! మొక్క జోలికే పోదు. ఇది కట్టినాక దారి పొడుగునా తల్లి కాడ పాలు తాగనేక సిక్కిపోతంది. పాలు తాగీ పిల్లలకి సిక్కం వొద్దు అని రాసుంటే సరిపోను. ఆ పూట నాకు తోచనేదు బాబూ..." జోగులు మేకపిల్లను గుండెకు అదుముకున్నాడు.

విరూపాక్షయ్యగారు పేనడం ఆపి, వాడి చేతిలోంచి తాడు కొస మెల్లగా తీసుకున్నారు.

"ఆ మాట నాకెందుకు చెబుతావు?" అన్నారు.