ఎలీషా బిగింపించుకున్న పెద్ద వాల్వులు

విశాఖపట్నం రైల్వే కాలనీలో ఎలీషా అనే గిటారు కళాకారుడు ఉండేవాడు. చేయి తిరిగినవాడే గాని, తన వాయిద్యం వినిపిస్తోందా లేదా అన్న ధ్యాసలో పక్కవాళ్ల పాట అతని చెవికెక్కేది కాదు.

అందుకు కారణం లేకపోలేదు. పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాలో అతను ఏళ్ల తరబడి వెనక వరుసలోనే కూర్చున్నాడు. ముందు కీబోర్డు, పక్కన డ్రమ్ములు. ఆ హోరులో అతను ఎంత చక్కగా వాయించినా ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి సొంత మేనత్తే కచేరీ అంతా విని, "నువ్వెప్పుడు వాయించావురా?" అని అడిగింది. ఆ మాట అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

అతని దగ్గర పాతకాలపు పద్ధతిలో చేసిన ఆంప్లిఫయర్ ఒకటి ఉండేది. పాత రేడియోల్లో లాగే దాని లోపల గాజు వాల్వులు ఉండేవి. స్విచ్చి వేస్తే అవి మెల్లగా వేడెక్కి, దీపపు వత్తుల్లా ఎర్రగా వెలిగేవి. వాటిలో చివరి రెండూ గిటారు శబ్దానికి బలమిచ్చి బయటికి పంపేవి. ఆ రెండూ వాడి వాడి నీరసించాయి. గిటారు బొంగురుపోయింది.

ఆ రోజుల్లోనే కస్తూరి అతని ఇంటికి వచ్చింది. ఆమె ఆ ఆర్కెస్ట్రాలో పాడే గాయని. గొంతుకు ఆపరేషన్ జరిగి, చాలా కాలం పాటకు దూరమైంది.

"కాలనీ వార్షికోత్సవంలో ఒక్క పాట పాడమన్నారు అన్నయ్యా," అంది. "డాక్టరుగారు సరే అన్నారు గాని, గొంతు పెంచొద్దన్నారు. పెంచితే ఉన్నది కూడా పోతుందట. అందుకే డ్రమ్ములూ అవీ వద్దు. నీ గిటారు ఒక్కటి చాలు."

"అదెంత పనమ్మా, నేనున్నాను కదా," అన్నాడు ఎలీషా.

ఆమె వెళ్లగానే అతనికి ఒకటే తోచింది. కీబోర్డు ఉండదు, డ్రమ్ములు ఉండవు. ఆ రోజు హాలంతా తన గిటారే వింటుంది.

మర్నాడు ఆంప్లిఫయర్ మోసుకుని, పాత రేడియోలు బాగుచేసే హమీద్ దుకాణానికి వెళ్లాడు. వాళ్లిద్దరూ చిన్ననాటి స్నేహితులు. హమీద్ బల్ల మీద రెండు జతల వాల్వులు పెట్టాడు. ఒక జత పొట్టివి. ఇంకో జత లావువి, బలమైనవి.

"నీ ఆంప్లిఫయర్‌కి ఈ పొట్టివే సరి," అన్నాడు. "లావువి కూడా అందులో కూర్చుంటాయి గాని, అవి లాగే కరెంటును దాని ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదు. ఇంతకీ ఎవరి పక్కన వాయిస్తున్నావు?"

"కస్తూరి పాడుతోంది. వాయించేది నేను కదా, లావువే బిగించు."

"కస్తూరిని కూడా పిలువు. రెండూ వాయించి చూద్దాం."

"చూసేదేముంది హమీదూ? ఇన్నాళ్లూ వినిపించీ వినిపించనట్టు బతికాను. ఇక చాలు."

స్నేహితుడి ముఖంలోని ఆశ చూసి హమీద్ గట్టిగా కాదనలేకపోయాడు. "సరే, మోత మాత్రం పెంచకు," అని లావు వాల్వులు బిగించి ఇచ్చాడు. కస్తూరి ఒకసారి కలిసి సాధన చేద్దామంటే, "ఆ పాట మనకు కొత్తా?" అని ఎలీషా కొట్టిపారేశాడు.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. మొదట ఎలీషా మోత బాగా పెంచి ఒక్కడే వాయించాడు. గిటారు ఖంగున మోగింది. జనం చప్పట్లు కొట్టారు. అతని ఒళ్లు పులకరించింది. తర్వాత కస్తూరి మైకు ముందుకు వచ్చి, పల్లవి మెత్తగా ఎత్తుకుంది. వెనక వరుసవాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు.

అప్పుడు గిటారు అందుకుంది. ఆమె గొంతు దాని కింద పడి నలిగిపోయింది. ఎవరో ఆమె మైకు పెంచబోతే అది కీచుమని కూసింది. కస్తూరి అతనివైపు తిరిగి, తగ్గించమని అరచేత్తో సైగ చేసింది. ఎలీషా చూశాడు. ఈ చరణం అయ్యాక తగ్గిద్దాంలే అనుకున్నాడు.

ఇక దారిలేక కస్తూరి గొంతు పెంచింది. పై స్థాయిలో అది చీలిపోయింది. ఆమె గొంతు పట్టుకుని ఆగిపోయింది. అంతలో కాలిన వాసన వచ్చింది. ఆంప్లిఫయర్‌లోంచి పొగ లేచి, గిటారు మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో కస్తూరి ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు.

కొన్నాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని, ఆ తర్వాతే ఏ సంగతైనా చెప్పగలనని డాక్టరు అన్నాడు. ఎలీషాకు అన్నం సహించలేదు. రోజూ సాయంత్రం కస్తూరి ఇంటికి వెళ్లి వరండాలో కూర్చునేవాడు. ఆమె టీ తెచ్చి ఇచ్చేది. ఒకరోజు కప్పు చేతిలో పట్టుకుని, "నీ సైగ చూశానమ్మా. చూసి కూడా తగ్గించలేదు," అన్నాడు. కస్తూరి తల వంచుకుని వింది.

డాక్టరు మాట్లాడవచ్చన్న రోజున ఆమె సన్నటి గొంతుతో మెల్లగా అంది: "ఆపరేషన్ తర్వాత నా గొంతు నాకే పరాయిదైపోయింది అన్నయ్యా. ఎక్కడ తడబడతానో అని భయం. తడబడితే పట్టుకుంటావని నిన్ను పిలిచాను."

ఎలీషా కళ్లు తుడుచుకున్నాడు. "మళ్లీ పాడతావా?" అని అడిగాడు.

"నువ్వు వింటానంటే పాడతాను."

డాక్టరు పాడవచ్చన్నాక ముగ్గురూ హమీద్ దుకాణంలో కూర్చున్నారు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కు హమీద్ కొత్త రాగి తీగ చుట్టి, ఒక పొట్టి జత బిగించాడు. కస్తూరి పాడుతుంటే ఎలీషా వాయించాడు. కొంచెం వాయించి తనే ఆపేశాడు. "ఇవి గరుకుగా ఉన్నాయి. ఆమె మెత్తగా పలికే మాటల మీద పడుతున్నాయి," అన్నాడు. హమీద్ ఇంకో పొట్టి జత పెట్టాడు. ఈసారి గిటారు గుండ్రంగా, ఒదిగి పలికింది. కస్తూరి కళ్లు మూసుకుని పాట మొత్తం పాడింది. సన్నబడిన ఆ గొంతులో ఇదివరకు లేని ఆర్ద్రత ఉందని ఎలీషాకు అప్పుడే తెలిసింది.

"ఇవే ఉంచు," అన్నాడు.

ఒక ఆదివారం అదే హాలులో ఇద్దరూ మళ్లీ ఆ పాట వినిపించారు. పాట అయ్యాక జనం కస్తూరి చుట్టూ మూగారు. ఒక ముసలావిడ ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. గిటారు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎలీషా ఒక పక్కన వైర్లు చుట్టుకుంటూ, కస్తూరి నవ్వడం చూసి తనూ నవ్వుకున్నాడు.

నీతి: ఒకరికి తోడుగా నిలవాలనుకునేవాడు ముందు వాళ్లను వినడం నేర్చుకోవాలి, పక్కవారి గొంతును ముంచే బలం ఎంత గొప్పదైనా చేటే.