మేకతో మారిన మాట

యూదా కొండల్లో బేత్జేరహు అనే చిన్న ఊళ్ళో ఎల్నాతాను అనే రైతు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తన మనసుకు నచ్చిన మాట ఎవరో ఒకరి నోట వినేదాకా ఊరంతా తిరిగి అడుగుతూనే ఉండేవాడు. నచ్చిన మాట చెప్పినవాడు జ్ఞాని. చెప్పనివాడికి ఏమీ తెలియదు. అదీ అతని తీరు.

ఒక ఏడు అతనికి పెద్ద చిక్కే వచ్చిపడింది. అంతకుముందు ఏడు పంట పోయింది. ఇంట్లో మిగిలింది రెండు సంచుల యవల విత్తనం, అంతే. ఎండాకాలం చివర వచ్చే పర్ణశాలల పండుగ వెళ్ళిన వారానికి ఒక వాన పడింది. పడి, ఆగిపోయింది. ఇప్పుడు విత్తాలా, ఇంకో వాన దాకా ఆగాలా? వానలు కొనసాగితే పంట ముందుగా చేతికొస్తుంది. వాన మొహం చాటేస్తే మొలకలు మాడిపోతాయి, మళ్ళీ చల్లడానికి గింజ ఉండదు. అప్పుడు అతనూ, భార్య మిల్కా, ముగ్గురు పిల్లలూ పట్నం పోయి ఎవరి ఇంట్లోనో బానిసలుగా బతకాలి.

ఇలాంటి చిక్కు వస్తే ప్రవక్తను అడగడం ఆ ఊరి ఆనవాయితీ. వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది కూడా ఆనవాయితీయే. ఊళ్ళో ప్రవక్తలు ఇద్దరుండేవారు. ఒకరు కళ్ళం అవతల గుడిసెలో ఉన్ని వడుక్కునే ముసలమ్మ అజూబా. రెండోవాడు ఊరి గుమ్మం దగ్గర నీడలో కూర్చునే అమర్యా. ఇద్దరూ గొంగళి కప్పుకునేవాళ్ళే. ఇద్దరూ యెహోవా పేరే చెప్పేవాళ్ళు. ఎవరు రొట్టె తెచ్చినా ఇద్దరూ తినేవాళ్ళే. పైకి చూసి తేడా చెప్పమంటే నేనూ చెప్పలేను.

ఎల్నాతాను రెండు రొట్టెలు పట్టుకుని ముందు అజూబా దగ్గరికి వెళ్ళాడు.

"అవ్వా, విత్తమంటావా, ఆగమంటావా?"

ముసలమ్మకు ఆకలిగా ఉన్నట్టుంది, ఒక రొట్టె అక్కడే తినేసింది. "రేపు రా నాయనా" అంది. మర్నాడు వెళితే, "రాత్రంతా ప్రార్థన చేశాను. నాకు ఏ మాటా రాలేదు" అంది.

"రాలేదంటే?"

"రాలేదంటే రాలేదు. వాన సంగతి నాకు తెలియదు."

ఎల్నాతానుకు ఒళ్ళు మండింది. "రొట్టెలు చాలకపోతే చెప్పు, మేకను తోలుకొస్తాను" అన్నాడు.

అజూబా చేతిలోని కదురు ఆపి అతని వంక చూసింది. "మేకను తెచ్చినా ఇదే మాట. ఆయన చెప్పంది నేనెక్కణ్ణించి తెచ్చి చెప్పను? మిగిలిన రొట్టె తీసుకుపో. పిల్లలకు పెట్టుకో."

'తెలియదని చెప్పడానికి ప్రవక్త దేనికి? ఆ మాత్రం మా ఎద్దు కూడా చెబుతుంది' అని గొణుక్కుంటూ ఎల్నాతాను ఆ మిగిలిన రొట్టెతోనే అమర్యా దగ్గరికి వెళ్ళాడు.

అమర్యా రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. గొంతు మార్చాడు. "యెహోవా ఇట్లు సెలవిచ్చుచున్నాడు. వాన వచ్చును, రాకపోవును. సందేహముగా నున్నది."

ఎల్నాతాను మొహం వేలాడేశాడు. ఊళ్ళో సగంమంది అప్పుడే నాగళ్ళు కట్టారు. తనకూ విత్తాలనే ఉంది. ఇంటికి పరిగెత్తి, పాలిచ్చే మేకను తోలుకొచ్చి అమర్యా ముందు కట్టాడు. అమర్యా మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గొంతు బాగా లేచింది.

"మూడు దినములలో గొప్ప వర్షము కురియును! ఒక గింజకు నూరు గింజలు కోయుదువు. నీవు పోయి విత్తుము!"

ఆ మాటకు ఎల్నాతాను పొంగిపోయాడు. అతని వెనకే హొగ్లా అనే విధవరాలు నిలబడి ఉంది. ఆమె పొలం ఎల్నాతాను పొలాన్ని ఆనుకునే ఉంది. మధ్యన ఒక సరిహద్దు రాయి మాత్రమే అడ్డం.

"అయ్యా, మరి నేను విత్తనా?" అని అడిగింది. చేతుల్లో ఏమీ లేదు.

అమర్యా ఆ చేతులు చూశాడు. కళ్ళయినా మూసుకోలేదు. "నీ పొలమునకు ఈ ఏడు చుక్క రాలదు. పొమ్ము!"

ఎల్నాతాను తికమకపడుతూ ఇంటికొచ్చాడు. జరిగిందంతా చెబితే మిల్కా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమయ్యా, నీ పొలం మీద కుంభవృష్టి, పక్కనే హొగ్లా పొలంలో చుక్క పడదా? మబ్బుకు కూడా సరిహద్దు రాయి కనిపిస్తుందా?"

"ప్రవక్త మాటకు వంకలు పెట్టకు" అన్నాడు ఎల్నాతాను. నిజానికి ఆ ప్రశ్న అతని బుర్రలోనూ తిరుగుతూనే ఉంది. కానీ కోరుకున్న మాట దొరికాక దాన్ని తిరగేసి చూడటం ఎవరికి ఇష్టం?

"పోనీ, ఒక సంచి అయినా దాచు" అని మిల్కా బతిమాలింది. నూరంతలు పండుతుంటే దాచడం దేనికన్నాడు. రెండు సంచులూ చల్లేశాడు.

మూడు రోజులు గడిచాయి. పది రోజులు గడిచాయి. వాన లేదు. పాత తడికి పచ్చగా లేచిన మొలకల మీద ఎడారి వైపు నుంచి వేడిగాలి తిరిగింది. పొయ్యి దగ్గర మరిచిపోయిన రొట్టెలా పొలమంతా నల్లబడింది. మిల్కా గట్టు మీద కూర్చుని ఏడ్చింది. పక్క పొలంలో హొగ్లా అమర్యా మాటకు భయపడి ఒక్క గింజ కూడా చల్లలేదు.

ఎల్నాతాను ఊరి గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యా, నా కొంప మునిగింది! వాన ఏదీ?"

"నీ మేకకు ఎడమ కన్ను మసక. లోపమున్న కానుక ఇచ్చావు, దేవుడు మాట వెనక్కి తీసుకున్నాడు" అన్నాడు అమర్యా, తొణక్కుండా.

ఎల్నాతాను మళ్ళీ తికమకపడ్డాడు. నిజంగా మసకేనా? చూసి తేల్చుకుందామంటే మేక లేదు. అమర్యా పెరట్లో తోలు ఆరుతోంది. తప్పు మేకదా, తనదా, దేవుడిదా? నాలుగు రోజులు అతనికి అన్నం సయించలేదు. ఇంట్లో మిల్కా ఒక్కో గిన్నే మూటకట్టడం మొదలుపెట్టింది.

నెల తిరిగాక అసలు వానలు దిగాయి. రెండు రోజులు ఆగకుండా కురిసింది. ఎల్నాతాను తడుస్తూ తన నల్లటి పొలంలో నిలబడ్డాడు. చేతిలో గింజ లేదు. పక్క పొలంలో హొగ్లా నిలబడింది. ఇంట్లో గింజలున్నాయి కానీ దున్నడానికి ఎద్దు లేదు. అంతలో గొంగళి నెత్తిన కప్పుకుని అమర్యా వచ్చాడు.

"అమ్మా హొగ్లా! నా మాట విని నువ్వు విత్తలేదు. నీ గింజ దక్కింది. అందులో ప్రవక్త వంతు ఏదీ?"

ఎల్నాతానుకు ఈసారి బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. ఆ మాటా నిజమే! మేకనిచ్చిన తను మునిగాడు, ఏమీ ఇవ్వని హొగ్లా బతికింది. అయితే ఈయన ప్రవక్తేనా, కాదా?

హొగ్లా మాత్రం తికమకపడలేదు. తడిసి ముద్దయిన పైబట్ట కొంగు పట్టుకుని అతని పాదాల దగ్గరే పిండింది. నీళ్ళు ధారగా కారాయి.

"నా పొలానికి ఈ ఏడు చుక్క రాలదన్నావు. ఇవేంటయ్యా? నా గింజ దక్కింది నీ మాట వల్ల కాదు, నీ దుర్బుద్ధి గురి తప్పడం వల్ల. ఆ రోజు నా చేతిలో మేక ఉండి ఉంటే నన్నూ ముంచేవాడివి."

అమర్యా గొంగళి ముందుకు లాక్కుని బురదలో జారుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎల్నాతాను సరిహద్దు రాయి మీద కూలబడి తల పట్టుకున్నాడు. "అక్కా, తెలియదని చెప్పిన ముసలమ్మను తిట్టుకున్నాను. అన్నీ తెలుసన్నవాణ్ణి నమ్మి పిల్లల నోటి దగ్గర గింజ మట్టిపాలు చేశాను. నా అంత బుద్ధిలేనివాడు ఉన్నాడా?"

"ఉన్నావు కదా, చాలు" అంది హొగ్లా. "లే తమ్ముడూ. ఎద్దును తోలుకురా. నా పొలం దున్నిపెట్టు. నా గింజలో సగం నీ పొలంలో చల్లుకో. వాన ఆగేలోపు కానిద్దాం."

ఎల్నాతాను ఏడుస్తూనే ఎద్దు కోసం పరిగెత్తాడు. ఆ ఏడు రెండు పొలాల్లోనూ పంట పలచగానే పండింది. అయినా మిల్కా కట్టిన మూటలు విప్పింది. ఆ అయిదుగురిలో ఎవరూ బానిసలు కాలేదు.

కానుకను బట్టి మారే మాట దేవుడి మాట కాదు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, ఏమిచ్చినా అదే మాట మీద నిలబడేవారినే నమ్మాలి.