చిరిగిన పెదవి, చల్లని బండ

అనగనగా ఒక అడవి. పేరు మీరే పెట్టుకోండి, నేనేం అనుకోను. ఆ అడవిలో ఒక వాగు, వాగు మలుపులో ఒక లోతైన మడుగు. మడుగు అడుగున ఒక పెద్ద బండ. ఎండాకాలం మడుగంతా కాగిపోయినా ఆ బండ కింద మాత్రం చల్లగా ఉండేది.

అక్కడ పడుకునే హక్కు ఒక్క చేపకే. ఏ చేపకనుకున్నారు? అందమైనదానికా? తెలివైనదానికా? అబ్బే! గాలానికి చిక్కి, అందరికంటే ఎక్కువసేపు పెనుగులాడి, తప్పించుకొచ్చినదానికి. పెదవి ఎంత చిరిగితే అంత పరువన్నమాట. చేపల బుర్రలు కదా! మన బుర్రలు అలాంటివి కావులెండి.

లెక్కపెట్టేది తాబేలు తాత. పోరు సాగినంతసేపూ తాత ఎన్నిసార్లు పైకెళ్లి ఊపిరి పీల్చుకుంటే అన్ని ఊపిర్లు.

మొదట బొచ్చె చేప గాలానికి చిక్కాడు. తన పెద్ద తలని కిందికి వేసి, దుంగలా అడుగుకి లాగాడు. దారం తెగేసరికి రెండు ఊపిర్లు.

తర్వాత వాలుగ చేప చిక్కాడు. మూరెడు మీసాలు, నోటినిండా పళ్లు. మెలికలు తిరిగి తిరిగి దారం కొరికేశాడు. నాలుగు ఊపిర్లు! బండ కింద చోటు వాలుగది అయింది.

ఇక మిగిలింది కొర్రమీను గుండప్ప. ఒళ్లంతా కండే. "నేను గానీ చిక్కానంటేనా, ఎనిమిది ఊపిర్లు!" అని ఊరికే అంటుండేవాడు.

కానీ ఆ ఏడు గుండప్పకి వేరే పని పడింది. పిల్లలు పుట్టారు. ఎర్రెర్రటి చిట్టి పిల్లలు, రెండు వందల మంది. అందరూ కలిసి ఒకే బంతిలా ఈదేవాళ్లు. కొర్రమీను పిల్లలు గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి. వచ్చిన ప్రతిసారీ కింద పెద్దవాళ్లెవరో కాపలా ఉండాలి. తల్లిని అప్పటికే వలవాళ్లు పట్టుకుపోయారు. ఉన్నది తండ్రి ఒక్కడే.

ఒకరోజు ఒడ్డుకి ఇద్దరు మనుషులు వచ్చారు. నీటి మీద ఒక కప్ప టపటపా గెంతింది. కప్పేంటి నా మొహం, రబ్బరు కప్ప! కడుపు కింద గాలం ముల్లు. ఆ సంగతి నిన్న పుట్టిన చిట్టి పరిగచేప పిల్లకి కూడా తెలుసు. గుండప్పకీ తెలుసు.

బొచ్చె వచ్చాడు. "ఏం గుండప్ప బావా! ఎనిమిది ఊపిర్లన్నావు. అదిగో గాలం. కదలవేం?"

"పిల్లలున్నారు బావా," అన్నాడు గుండప్ప.

పరిగపిల్లలు వచ్చారు. "గుండప్ప మామ ఉయ్యాల ఊపుతున్నాడోయ్!" అని తోకలు కొట్టుకుంటూ నవ్వారు. గుండప్ప మొప్పలు బిగించి పిల్లల కిందికి ఈదాడు.

చివరికి వాలుగ వచ్చాడు. మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నాడు. "వదిలేయండర్రా. కొర్రమీనులకి దమ్ముండేది మా తాతల కాలంలో. ఇప్పుడెక్కడ?"

గుండప్ప ఒళ్లు మండిపోయింది. పిల్లలవైపు తిరిగాడు. "ఇక్కడే ఉండండి. ఇప్పుడే వస్తా."

"ఎన్ని ఊపిర్లకి వస్తావు నాన్నా?" అడిగింది అందరికంటే చిన్నది.

"ఎనిమిది," అన్నాడు గుండప్ప.

ఒక్క ఉదుటున వెళ్లి కప్పని కరిచాడు. ముల్లు దవడలో దిగింది. అడుగుకి దూకాడు. తామరకాడల చుట్టూ దారం చుట్టేశాడు. కాడల నుంచి విడిపించుకుని నీటిపైకి ఎగిరాడు.

"కొర్రమీనుకున్న పొగరు ఇంకే చేపకీ లేదురా సాంబయ్యా!" అని అరిచాడు ఒడ్డు మీద ఒకడు.

"పొగరుంది కాబట్టే కదా పడింది!" అన్నాడు రెండోవాడు. అది వినేలోపే గుండప్ప నీళ్లలో మునిగాడు.

మడుగు మడుగంతా చూడ్డానికి వచ్చింది. మూడు ఊపిర్లు. నాలుగు. అయిదు!

"అవునూ, వాలుగ మామ ఏడి?" అంది ఒక పరిగపిల్ల.

"ఓడిపోయినవాడు మొహం చూపిస్తాడేంటి!" అన్నాడు బొచ్చె. అందరూ పకపకా నవ్వారు. మీరూ నవ్వారు కదూ? నేను చూశాను.

ఏడో ఊపిరికి నీళ్లు ఎర్రబడ్డాయి. ఎనిమిదో ఊపిరికి దారం ఫట్టున తెగింది.

"ఎనిమిది!" అన్నాడు తాబేలు తాత. మడుగంతా తోకల చప్పుడు.

గుండప్ప ఆ చప్పుడు వింటూనే పిల్లల దగ్గరికి ఈదాడు. దవడకి ముల్లు, ముల్లుకి తెగిన దారం వేలాడుతున్నాయి. "ఏమర్రా! చూశారా మీ నాన్నని?"

అక్కడ పిల్లల ఎర్రబంతి లేదు. నాచు ఊగుతోంది. నాచు పక్కనుంచి వాలుగ బరువుగా, నెమ్మదిగా బయటికి వచ్చాడు.

గుండప్ప వాలుగ మీదికి ఉరికాడు. కరవబోయాడు. ముల్లు అడ్డం పడి దవడ మూసుకోలేదు.

వాలుగ పారిపోలేదు. "ఆకలేసింది, తిన్నాను," అన్నాడు. "నువ్వు కాపలా ఉన్నన్నాళ్లూ ఇటు తొంగైనా చూశానా? నన్ను ఆపే బలం నీకుంది గుండప్పా. ఇందాకే మడుగంతటికీ చూపించావుగా. మరి ఇక్కడ ఎందుకు చూపించలేదు?"

గుండప్ప నాచువైపు తిరిగాడు.

"బండ కింద చోటు ఇక నీదే," అని వాలుగ వెళ్లిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. మడుగు కాగింది. బండ కింద చోటు ఖాళీగానే ఉంది. గుండప్ప మాత్రం పిల్లలు గాలికోసం పైకొచ్చే చోటు కిందే తిరుగుతున్నాడు, ఖాళీ నీళ్లకి కాపలా కాస్తూ. తెగిన దారం వెనకే వేలాడుతూ వస్తోంది.

ఒక పరిగపిల్ల ధైర్యం చేసి అడిగింది. "మామా, ఎనిమిది ఊపిర్లు ఎలా పోరాడావు? నాకూ నేర్పవా?"

గుండప్ప ఖాళీ నీళ్లలో ఇంకో చుట్టు తిరిగాడు.

"ఎనిమిది ఊపిర్లంటే చాలాసేపే అమ్మా," అన్నాడు చివరికి. "చాలా చాలాసేపు."

ఏంటి, ఇప్పుడు నవ్వట్లేదేం? సరేలెండి. నేనూ నవ్వట్లేదు.

నీతి: నీ బలం చూసి చప్పట్లు కొట్టడానికి మడుగంతా వస్తుంది, నిన్ను నమ్ముకున్నవాళ్లకి కాపలా ఉండాల్సింది మాత్రం నువ్వొక్కడివే.